పొట్టు దిగే దారి

ధార గొట్టం చుట్టూ పేరుకున్న తెల్లటి పెచ్చును ఉమ్ముహాన్ చాకు మొనతో గీకుతోంది. నిన్న గీకిన చోటే ఇవాళ మళ్లీ పట్టింది. ఊడిన పెచ్చు రాతి తొట్టిలో పడి, కరగకుండా మెల్లగా అడుక్కి దిగిపోతోంది. నీళ్లు పాలగిన్నె కడిగి పారబోసినట్టున్నాయి. తొట్టి అడుగున గులకరాళ్లు కనపడి చాలా రోజులైంది.

గొట్టం పైన రాతిలో పేరు చెక్కి ఉంది: దురాలి. పక్కనే పిట్టల కోసం తొలిపించిన అరచేయంత గుంట. మేకల మంద అమ్మి కొడుకు పేరున ఆమె కట్టించిన ధార అది. దారిన పోయేవాడు తాగినా, గొర్రె తాగినా, పిచ్చుక ముక్కు ముంచినా, ఆ పుణ్యం మట్టి కింద ఉన్నవాడికి చేరుతుంది. నీళ్లు పారినంత కాలం చేరుతూనే ఉంటుంది. కర్గాబెలి ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఎవరూ పైకి అనరు. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఆ ధారలో ఎవరూ నోరు పెట్టడం లేదన్న సంగతీ పైకి అనరు.

పక్కింటి దొందూ తన మేకను తోలుకుంటూ వచ్చింది. మేక తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, మొహం తిప్పుకుంది.

"నీ మేకకి పొగరెక్కువ, అక్కా," అంది ఉమ్ముహాన్ గీకడం ఆపకుండా.

"పొగరు కాదే, దానికి ముక్కుంది. మనకే లేదు. పొద్దున ఈ నీళ్లతోనే టీ పెట్టా. మా ఆయన బతికుంటే గ్లాసు నా మొహాన కొట్టేవాడు."

"తాగు, తాగు. నీ కొడుకు పైనుంచి పంపిస్తున్న సున్నమేగా. ఎముకలు గట్టిపడతాయి."

దొందూ మేక మెడలో తాడును చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఆమె కొడుకు రెసూల్ పై బయలులోని చలువరాతి క్వారీలో మేస్త్రీ. "వాడూ కూలివాడే, ఉమ్మూ," అంది చివరికి. "రాయి వాడిది కాదు, రంపం వాడిది కాదు."

"మాట వాడిదే కదా."

మూడేళ్ల క్రితం క్వారీలో బండ జారి దురాలి పోయినప్పుడు, తాడు కట్టుకోకుండా తనంతట తానే దిగాడని సాక్ష్యం చెప్పింది రెసూల్. ఆ మాట మీదే కేసు మూసేశారు. ఆ తర్వాత కూడా ఈ ఇద్దరాడవాళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటున్నారు, ఒకే పొయ్యిలో రొట్టెలు కాలుస్తున్నారు. ఇంకేం చేస్తారు, ఊరు అంత చిన్నది.

ముఖ్తారు హిదాయత్ మోటారు సైకిలు దిగి, టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. ఏదైనా ఇబ్బందైన మాట చెప్పాలంటే ఊరిపెద్ద చేసే పని అదే.

"వదినా, గురువారం జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. నీళ్లు చూస్తారట. క్వారీ వాళ్లు ఏరు భూమిలోకి దిగిపోయే ఆ బిలం దాకా తవ్వుకుంటామని అడిగారు కదా, దానికి సరే అనాలా వద్దా అని."

"చూడమను. చూట్టానికే ఉన్నాయి నీళ్లు."

"చూస్తార్లే. కానీ పెద్దగా ఆశ పెట్టుకోకు. వాళ్ల లెక్కలో పై బయలు నీళ్లు మనవైపు రావట. బిలంలో పడ్డ ఏరు కొండ అవతలికి, సరస్సులోకి పోతుందట. మన ధార వేరే ఊటట. ఈ తెలుపు మన మట్టిలోదేనట."

ఉమ్ముహాన్ చాకును తలగుడ్డ కొసతో తుడిచింది. తుడవడానికి కావలసినదానికన్నా ఎక్కువసేపు తుడిచింది.

"హిదాయత్, మన తాతలు ఈ ఊరికి ఎట్లా వచ్చారు?"

"అబ్బా, ఇప్పుడా కథెందుకు."

"నువ్వు ముఖ్తారువి. చెప్పు."

అతను నిట్టూర్చాడు. "గుడారాలతో వచ్చారు. పై బయలులో మేకలు మేపుకునేవాళ్లు. కరువొచ్చింది. బిలంలోకి పోతున్న నీళ్లు ఎక్కడ తేలతాయో చూద్దామని పొట్టు పోశారు. కొండ దిగి వెతికారు. పొట్టు తేలిన చోట గుడారం దించారు."

"ఎక్కడ దించారు?"

అతను కాలితో నేల రాశాడు. వాళ్లు నిలబడి ఉన్న చోటే.

"మరి ఆ ఆఫీసర్లు మనం సరస్సులో తేలామనుకుంటున్నారా?"

దొందూ తలగుడ్డలో నోరు దాచుకుని నవ్వింది. హిదాయత్ నవ్వలేదు. "పొట్టు కథలు కాగితం మీద నిలబడవు, వదినా. మా ఇద్దరబ్బాయిలు అక్కడే పని చేస్తున్నారు. ఊళ్లో సగం పొయ్యిలు దాని మీదే వెలుగుతున్నాయి. నన్నేం చేయమంటావు?" అని టోపీ సర్దుకున్నాడు. "గురువారానికి రొట్టెలు కావాలి. నీ చేతివైతే బావుంటాయి. వచ్చేది అతిథులు కదా."

అతను వెళ్లాక ఆమె రాగి కూజాను గొట్టం కింద పెట్టి నింపింది. ఆ నీళ్లు దేనికని దొందూ అడగలేదు. ఉమ్ముహాన్ కూజాకి మూత పెట్టి, ఇంటికి పట్టుకుపోయి, కిటికీ గూట్లో ఉంచింది.

మర్నాడు, మంగళవారం, తెల్లవారాక కళ్లంలోకి వెళ్లి మేకవెంట్రుకల సంచీ నిండా గోధుమ పొట్టు కూరింది. ఎర్ర చార ఉన్న సంచీ, ఆమె పెళ్లినాటికి నేసుకున్నది. కోతలయ్యాక కొత్త పొట్టును మొదట బిలంలో పోయడం, ఈ పూట పోస్తే రేపు ఈ పూటకి కింద ఊటలో తేలే ఆ పొట్టు కోసం ఆడవాళ్లు కూజాలతో కాచుకుని ఉండటం ఊరి ఆనవాయితీ. గోధుమలూ మాంసమూ కలిపి పెద్ద డేగిసాల్లో ఉడికించేవాళ్లు. ఆ నీళ్లు తీసుకెళ్లి సమాధుల మీద పోసేవాళ్లు. పై బయలుకి కంచె పడ్డాక అదంతా ఆగిపోయింది. ఊళ్లో చిన్నపిల్లలకి పొట్టు అంటే దూడల మేతే.

సంచీ బరువు లేదు కానీ దారి నిటారుగా ఉంటుంది. శ్మశానం దాటాక వాల్‌నట్ చెట్లు అయిపోతాయి, తర్వాత పాత మెట్ట చేలు, ఆ పైన రాళ్ల మధ్య వంకర తిరిగిన జునిపర్లు. దారిలో ఆమె రెండు చోట్ల ఆగింది. ఒకటి, ఎవరి గుడారాలవో తెలియని పాత గుండ్రాళ్ల వరసల దగ్గర. రెండోది, పై బయలు కనపడే మలుపు దగ్గర. అక్కడ ఆగింది అలసి కాదు. ఒకప్పుడు ఆ మలుపు తిరిగితే గడ్డే కనపడేది. ఇప్పుడు కొండను వెన్న కోసినట్టు మెట్లుమెట్లుగా కోసేశారు. తీగ రంపాలు రాతిలో గిర్రున తిరుగుతున్నాయి. తీగ వేడెక్కకుండా దాని మీద గొట్టాలతో నీళ్లు కొడుతున్నారు. ఆ నీళ్లు రాతిపిండితో చిక్కబడి, కాలవలో పడి, ఏటిలో కలిసి, ఏరుతో పాటు బిలంలోకి దిగిపోతున్నాయి. కింది నుంచి మూడో మెట్టు వైపు ఆమె చూడలేదు. దురాలి పోయింది ఆ మెట్టు దగ్గరే.

కంచె తలుపు దగ్గర రెసూల్ ఎదురొచ్చాడు. పసుపు టోపీ, కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము.

"పిన్నీ, ఇంత ఎండలో ఎందుకెక్కావు? కబురంపితే నేనే దిగేవాణ్ణిగా."

"మూడేళ్లుగా నా గుమ్మం నీ గుమ్మం పక్కనే ఉంది. దిగావా?"

అతను కాపలావాడికి సైగ చేశాడు. కాపలావాడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు, టీ తెచ్చాడు. ఉమ్ముహాన్ కూచుంది కానీ టీ ముట్టుకోలేదు. చెంచాను నిండు గ్లాసు మీద అడ్డంగా పెట్టింది. తాగిన తర్వాత ఇక చాలు అనడానికి అట్లా పెడతారు. తాగకుండా పెడితే ఏమిటో రెసూల్‌కి తెలుసు. అతను గ్లాసు వైపు నుంచి చూపు తిప్పుకున్నాడు.

"సంచీలో ఏముంది?"

"పొట్టు. కొత్తది."

అలవాటుగా అతని మొహం విప్పారింది. "ఈ సంచీ నేను మోశాను. గుర్తుందా? నేను పోసిన ఏడాది నువ్వే మొదటి పొట్టు పట్టావు. పోసినవాడికే మొదటి గుక్క అని కూజా నాకిచ్చావు. దురాలి రెండ్రోజులు అలిగి అన్నం..." అంటూ ఆగిపోయాడు. ఆ పేరు అతని నోటి నుంచి వచ్చి చాలా కాలమైంది.

"తలుపు తియ్యి," అంది ఆమె. "పోసి వెళ్లిపోతా. గురువారం వచ్చేవాళ్ల ముందు తేలుతుంది. ఈ నీళ్లు ఎక్కడివో వాళ్ల కళ్లతోనే చూస్తారు."

"ఇవాళ పోస్తే రేపే తేలిపోతుంది కదా."

"రేపు పట్టి దాస్తాను. నాకు వేరే పనేముంది."

"కంచె లోపలికి ఎవర్నీ రానివ్వద్దన్నారు, పిన్నీ. నా ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం నిలవడానికి ఇంకా ఎవరెవరు ఏమేం వదులుకోవాలిరా, రెసూల్? ఒకటి ఇచ్చాను. నీళ్లు కూడా ఇవ్వాలా?"

అతను టోపీ తీసి లోపలికి చూశాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. "ఆఫీసర్లు మంచినీళ్లే చూస్తారు. నువ్వు బాధపడకు," అన్నాడు. అది ఓదార్పో హెచ్చరికో ఆమెకి తెలియలేదు.

ఆమె లేచింది. సంచీని కుర్చీ పక్కనే వదిలేసింది.

"పిన్నీ, సంచీ."

"మళ్లీ మోసుకుని దిగలేను. మోకాళ్లు. ఉంచుకో, మీ గాడిదకి వేసుకో."

సాయంత్రం ఆమె మేకలు లేని కొట్టం ఊడుస్తుండగా పైన రంపాలు ఆగాయి. రోజూ ఆగే వేళ ఇంకా కాలేదు. ఆమె చీపురు పట్టుకుని అట్లాగే నిలబడింది. అవి మళ్లీ మొదలు కాలేదు.

బుధవారం ఊరు కొత్తగా ఉంది. పిచ్చుకల అరుపులు వినపడుతున్నాయి, మసీదు దగ్గర ఎవరో దగ్గితే కింది వీధిలోకి వినపడింది. క్వారీకి పోవలసిన మగవాళ్లు టీ కొట్టు ముందు పేకాడుకుంటున్నారు. కూలి కోత లేకుండా రెండ్రోజులు సెలవట. మధ్యాహ్నానికి ధార నీళ్లు పలచబడ్డాయి. సాయంత్రానికి తొట్టి అడుగున గులకరాళ్లు కనపడ్డాయి.

హిదాయత్ ఇంటి పెరట్లో రొట్టెలు కాలుస్తున్నారు. దొందూ సన్న కర్రతో పిండిని కాగితంలా పరుస్తోంది. ఉమ్ముహాన్ బోర్లించిన పెనం ముందు కూచుని, పరిచిన రొట్టెను కర్ర మీంచి జార్చి, పొంగిన చోటల్లా తడుతూ తిప్పుతోంది. హిదాయత్ భార్యా, కోడలూ కాలినవి ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు.

"చూశావా, నీళ్లు ఎంత తేటపడ్డాయో," అంది కోడలు. "అతిథుల అదృష్టం."

"అదృష్టమేంటే?" అంది దొందూ, పిండి చేతులతో గర్వంగా. "మా వాడు చేయించాడు. మొన్ననే మేనేజరుతో చెప్పాడట. మంగళవారం సాయంత్రమే రంపాలు ఆపండి, కింద మా ఊరికి పెద్దవాళ్లు వస్తున్నారు, గురువారానికి నీళ్లు శుభ్రంగా ఉండాలి అని. వాడికి తెలుసుగా, ఒక రోజు పడుతుందని. చిన్నప్పుడు పొట్టు పోసిన చెయ్యి కదా."

ఆ మాట అన్నాక అందులో ఏముందో ఆమెకే వినపడింది. కర్ర ఆగింది.

కోడలు రొట్టెల దొంతర మీద గుడ్డ కప్పింది, తీసింది. హిదాయత్ భార్య పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. పై బయలులో రంపం ఆగితే కింద నీళ్లు తేటపడ్డాయి. సరస్సు మాట అబద్ధమని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి. అక్కడున్న నలుగురికీ అది అర్థమైంది, అర్థమైనట్టు నలుగురికీ తెలిసింది. అయినా పిండి ముద్ద కోడలి చేతి నుంచి దొందూ చేతికి, దొందూ కర్ర మీంచి పెనం మీదికి ఎప్పటిలాగే వచ్చింది.

ఉమ్ముహాన్ పెనం మీద రొట్టె మాడింది. ఆమె రొట్టెలు మాడటం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఇదెవరికీ పెట్టకండి," అని ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి తన పక్కన ఉంచుకుంది. తాతలు ఏ తెలివితో ఊరిని బతికించారో, అదే తెలివిని రెసూల్ నీళ్లకి ముసుగు కప్పడానికి వాడాడు. వాడు పరాయివాడై ఉంటే ఇంత మండేది కాదు. ఈ మాట ఆమె అనలేదు. అని ఉంటే దొందూ ఏడ్చేది. అప్పుడు ఊరుకోబెట్టాల్సింది కూడా తనే.

గురువారం మధ్యాహ్నపు నమాజు అయ్యాక కారు వచ్చింది. లెవెంత్ అనే ఇంజనీరు దిగాడు. నెరిసిన గడ్డం, మర్యాదస్తుడు, పెద్దవాళ్లను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. వెంట పెలిన్ అనే అమ్మాయి, సీసాల పెట్టెతో. క్వారీ తరఫున రెసూల్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి దూరంగా గోడ నీడన నిలబడ్డాడు.

ఇంజనీరు ధార దగ్గరికి వెళ్లి, దోసిట పట్టి తాగాడు. మళ్లీ పట్టి మొహం కడుక్కున్నాడు.

"బిస్మిల్లా. ఏం నీళ్లండీ. ఇలాంటివి మా ఊళ్లో సీసాల్లో అమ్ముతారు." రాతి మీది పేరు చదివి, "అల్లా ఆయనకి స్వర్గం ఇవ్వాలి," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మూడు నెలల తర్వాత కొడుకు ధారలో ఒక మనిషి తాగాడు. ఉమ్ముహాన్‌కి ఆ క్షణంలో కలిగినది సంతోషమే. అది తలచుకుంటే తర్వాత ఆమెకి ఒళ్లు మండింది. దొంగ నీళ్లతో తనని కూడా సంతోషపెట్టారు.

ధార పక్కన వాల్‌నట్ నీడలో బల్ల వేశారు. రొట్టెలు, వెన్న, తేనె, ఉప్పు వేసిన మేక జున్ను. ఇంజనీరు తింటూ మాట్లాడాడు. "మీ ఆందోళన నాకర్థమవుతుంది. మార్పు వచ్చినప్పుడు భయం సహజం. కానీ ఈ ప్రాంతం నైసర్గికంగా ఎలా ఉందంటే, పైన పడే నీళ్లన్నీ ఉత్తరంగా వాలి సరస్సు వైపు పోతాయి. మీ ఊట దక్షిణపు రాతిలోది. రెండింటికీ సంబంధం లేదు."

ఈ ఊరి మగవాళ్లు, ఈ కొండ మీద పుట్టి ఈ కొండ మీద పండిన గోధుమ తిన్నవాళ్లు, తలలూపారు. హిదాయత్ అందరికన్నా ముందు ఊపాడు.

ఉమ్ముహాన్ ఇంటికి వెళ్లింది. కిటికీ గూట్లో కూజా మూత తీస్తే అడుగున అట్టు కట్టినట్టు తెల్లటి మడ్డి. కట్టె గరిటెతో కలిపింది. నీళ్లు మళ్లీ సోమవారపు నీళ్లయ్యాయి. గాజు గ్లాసు నిండా పోసి, తీసుకొచ్చి, ఇంజనీరు ముందు పెట్టింది.

"ఆహా, మజ్జిగ," అని అతను గ్లాసు అందుకున్నాడు. "జున్ను ఉప్పగా ఉంది, సరిగ్గా వేళకి తెచ్చారమ్మా."

గ్లాసు అతని మీసం దాకా వెళ్లింది. ఒక్క గుక్క తాగనిస్తే చాలు. ఏ మాటా అక్కర్లేదు. ఆమె అందుకే తెచ్చింది. కానీ ఆమె చెయ్యి అప్పటికే అతని మణికట్టు మీద ఉంది.

"తాగకండి," అంది. "మజ్జిగ కాదు. ఈ ధార నీళ్లే, సోమవారానివి. నా కొడుకు పేరు కింద పట్టినవి. అతిథికి నేను వీటిని తాగించలేను."

ఇంజనీరు గ్లాసు దించి, వెలుతురుకేసి పట్టి చూశాడు. "ఇందులో ఏం కలిపారమ్మా?" మెల్లగానే అడిగాడు.

"నేను కలపలేదు."

"పిండి అయినా ఇలాగే ఉంటుంది కదా. నేను దీన్ని ఎలా తీసుకోగలను, మీరే చెప్పండి."

"సార్, క్షమించాలి," అని హిదాయత్ లేచాడు. "కొడుకు పోయినప్పటి నుంచీ ఆవిడ అదోలా ఉంటుంది. వదినా, లోపలికి వెళ్లు. అతిథుల ముందు ఏంటిది."

ఉమ్ముహాన్ ఊరి మొహాలకేసి చూసింది. టీ కొట్టువాడు జున్ను చూస్తున్నాడు. హిదాయత్ కొడుకులు తమ బూట్లు చూసుకుంటున్నారు. నిన్న పెరట్లో ఉన్న ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఉన్నారు. ఏ ఒక్కరూ, అవును, సోమవారం అట్లాగే ఉన్నాయి అనలేదు. ఆ నీళ్లతోనే వాళ్లందరూ ఎండాకాలమంతా టీ పెట్టుకున్నారు.

ఆమె గ్లాసూ కూజా తీసుకుని ధార దగ్గరికి వెళ్లింది. తెల్లనీళ్లు మట్టిలో పారబోసి, కూజా గొట్టం కింద పెట్టి కడగసాగింది. వేళ్లు లోపలికి పెట్టి తోముతోంది. అవమానంతో చెవులు కాలుతున్నాయి. గబగబా తోముతోంది.

మణికట్టు మీద ఏదో అంటుకుంది. విదిలించబోయి ఆగింది. బంగారు రంగులో, గోరంత పొడుగున, ఒక పొట్టు పుల్ల.

గొట్టంలోంచి ఇంకొకటి వచ్చింది. తర్వాత మూడు నాలుగు కలిసి. తర్వాత నీళ్లే పచ్చబడ్డట్టు, ఊపిరాడనంతగా పొట్టు. తొట్టిలో అది గుండ్రంగా తిరుగుతూ రాతి అంచులకి చేరుతోంది. పిట్టల గుంటలో కూడా రెండు రేకలు తేలాయి.

ఆమె ఎవర్నీ పిలవలేదు. కూజా నింపుకుంది. పక్కకి చూస్తే దొందూ నిలబడి ఉంది. దొందూ తొట్టిలోకి చూసింది, వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లి, తన కూజాతో వచ్చింది. హిదాయత్ భార్య బల్ల దగ్గర గిన్నె కింద పెట్టేసి వెళ్లి, కూజాతో వచ్చింది. ముసలివాళ్లందరూ ఒక్కొక్కరే లేచారు. ఏళ్లుగా గూళ్లలో నల్లబడ్డ రాగి కూజాలు. కోడలు మాత్రం, "అత్తా, ఏంటిది, ఎందుకు పట్టుకుంటున్నారు?" అని అడుగుతోంది.

ఇంజనీరు లేచి వచ్చాడు. "గాలికి పడి ఉంటుంది. కళ్లాలు దగ్గరే కదా."

"గాలికి కాదు సార్."

రెసూల్ గోడ నీడలోంచి బయటికి వచ్చాడు.

"నేనే పోశాను. నిన్న ఈ వేళకి, పైన, బిలంలో. మా క్వారీ నీళ్లు పడే చోట."

"నోరు మూసుకోరా," అన్నాడు హిదాయత్, పళ్ల మధ్య నుంచి.

"మంగళవారం నుంచి రంపాలు ఆపింది కూడా మీకు ఈ తేట నీళ్లు చూపించడానికే సార్. నేనే ఆపించాను. ఆపకపోతే మీరిందాక చూసిన గ్లాసే ఇది."

ఇంజనీరు గడ్డం నిమురుకున్నాడు. వెంట వచ్చిన అమ్మాయి పెలిన్ అతని అనుమతి అడగలేదు. సీసా ఒకటి తీసి గొట్టం కింద పట్టింది. పొట్టుతో సహా నింపి, మూత బిగించి, చొక్కాకి తుడిచి, దాని మీద ఏదో రాసింది.

రెసూల్ ఉమ్ముహాన్ ముందుకి వచ్చాడు. నీళ్లు పోయించుకోవడానికన్నట్టు రెండు చేతులూ దోసిలి పట్టాడు. అతని గోళ్ల సందుల్లో ఇంకా పొట్టు దుమ్ము ఉంది. పోసినవాడికే మొదటి గుక్క. ఊరంతా చూస్తోంది. ముసలివాళ్లు కూజాలు పట్టుకుని ఆగారు. అతను తాగితే తప్ప వాళ్లు కదలకూడదు.

"ఈ మాట ఆ రోజు ఎక్కడుందిరా?" అంది ఉమ్ముహాన్. పెద్దగా అనలేదు. "నా కొడుకు తాడు గురించి అడిగినప్పుడు ఎక్కడ పెట్టుకున్నావు?"

అతను తల దించుకున్నాడు, దోసిలి మాత్రం దించలేదు. దొందూ కొడుకు వైపు ఒక్క అడుగు వేయబోయి, వేయలేదు.

ఆమె అతని చేతుల్లో నీళ్లు పోయలేదు. కూజాను తీసుకెళ్లి ధార రాతి మీద, కొడుకు పేరు కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. ఆనవాయితీ ఆనవాయితీ. తన చేతి నుంచి మాత్రం ఇవ్వదు.

రెసూల్ వెళ్లి, వంగి, కూజా ఎత్తి తాగాడు. తిరిగి అదే చోట పెట్టి, ఎవరి వంకా చూడకుండా వీధిలోకి నడిచాడు. దొందూ అతని వెనక వెళ్లలేదు. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి కానీ కూజాను రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉంది.

ఉమ్ముహాన్ కూజా మూతిని తలగుడ్డతో తుడిచింది. మళ్లీ నింపుకుంది. సమాధుల దారి పట్టబోతుండగా పైన రంపం మొదలైంది. ఈ పాటికి ఆఫీసర్లు వెళ్లిపోయి ఉంటారని మేనేజరు లెక్క వేసుకుని ఉంటాడు. మొదట ఒకటి, తర్వాత రెండోది. కొండ ఎప్పటిలా మూలగడం మొదలుపెట్టింది. హిదాయత్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. ఈసారి తల గోక్కోలేదు.

ఇంజనీరు కారు వైపు నడుస్తూ, "పద, పెలిన్," అన్నాడు.

ఆ అమ్మాయి కదల్లేదు. తొట్టిలోకి చూస్తోంది. "ఇప్పుడు మొదలైంది కదా," అంది నెమ్మదిగా, ఎవరితోనూ కాకుండా. "అయితే రేపు ఈ వేళకి తెల్లబడాలి." తర్వాత ఉమ్ముహాన్ వైపు తిరిగింది. "అమ్మా, ఈ ఊళ్లో ఇవాళ నేనుండటానికి ఎక్కడైనా చోటుందా?"

ఉమ్ముహాన్ ఆ పిల్లని, ఆమె చేతిలో ఉన్న పొట్టు సీసాని చూసింది.

"మా ఇంట్లో మంచం ఒకటి ఖాళీగానే ఉంది," అంది. "నేను వాడికి నీళ్లు పోసి వస్తా. రొట్టెలు తింటూ ఉండు."